పచ్చి మాంసం తినే కుక్కకు విటమిన్లు: చెన్నైలో ఏ దారి ఎవరికి నప్పుతుంది?

“పచ్చి మాంసం మొదలుపెట్టామండీ. ఇప్పుడు ఏ టానిక్ కొనమంటారు?”

వడపళనిలో మా వీధి చివరి మైదానానికి పొద్దున్నే కుక్కల్ని తీసుకొచ్చేవాళ్లలో సగంమంది తెలుగువాళ్లమే. నెలకోసారైనా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. నేను టానిక్ పేరు చెప్పను. వారం రోజులపాటు గిన్నెలో ఏమేం వేశారో, ఎంతెంత వేశారో కాగితం మీద రాసుకుని రమ్మంటాను. చాలామందికి అది నచ్చదు. నాకూ ఒకప్పుడు నచ్చలేదు.

మా గౌరి సైదాపేట వీధిలో దొరికిన ఆడకుక్క. ఇప్పుడు 20 కిలోలుంటుంది. దానికి మొదటి నాలుగు నెలలూ నేను పెట్టింది ఎముకతో ఉన్న కోడి మాంసం, కోడి కార్జం, కాస్త పెరుగు, అంతే. దాంతోపాటు రోజూ రెండు చెంచాల మల్టీవిటమిన్ సిరప్. అన్నీ అందుతున్నాయనే అనుకున్నాను. బొచ్చు మొరటుగా మారి, వీపు మీద పొట్టు రాలడం మొదలైతే డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్లాను. ఆవిడ మందు రాయలేదు, తిండి లెక్క రాసుకు రమ్మన్నారు. రాశాక చూస్తే విటమిన్ ఎ కావలసినదానికి ఎన్నో రెట్లు ఉంది. డి, ఇ మాత్రం దాదాపు లేవు. ఉన్నదాన్నే సిరప్ ఇంకా పెంచుతోంది. అప్పటినుంచి నేను నమ్మేది ఒకటే: ముందు లోటు ఎక్కడుందో తెలియాలి, డబ్బా తర్వాత.

లెక్కకు ఒక కొలబద్ద కావాలి కాబట్టి గౌరినే తీసుకుందాం. చురుగ్గా తిరిగే 20 కిలోల కుక్కకు రోజుకు సుమారు 1000 కిలో కేలరీలు పడతాయి. బాగా ఎదిగిన మన వీధికుక్కలు చాలావరకు ఈ బరువుకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. అమెరికాలో జంతువుల తిండికి ప్రమాణాలు పెట్టే ఆఫ్కో అనే సంఘం, ఎదిగిన కుక్కలకు ప్రతి 1000 కిలో కేలరీల తిండిలో కనీసం ఇంత ఉండాలంటుంది: విటమిన్ ఎ 1250 ఐ.యు. (విటమిన్ల బలాన్ని కొలిచే అంతర్జాతీయ యూనిట్), డి 125 ఐ.యు., ఇ 12.5 ఐ.యు., బి1 0.56 మిల్లీగ్రాములు, కోలిన్ 340 మిల్లీగ్రాములు. మీ కుక్క 10 కిలోలదైతే ఇందులో సగం అనుకోకండి. చిన్న కుక్కకు కిలో బరువుకు ఎక్కువ శక్తి కావాలి. అందుకే దానికి 600 కిలో కేలరీల దాకా పడుతుంది, విటమిన్లూ ఆ లెక్కనే.

పచ్చి తిండికి ఊళ్లో ఎక్కువమంది పాటించేది 80:10:10 పద్ధతి. అంటే 80 వంతులు మాంసం, 10 ఎముక, 5 కార్జం, 5 కిడ్నీలాంటి వేరే అవయవం. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993 నుంచి ప్రచారంలోకి తెచ్చిన ఎముకా-పచ్చి తిండి ఆలోచన చుట్టూ పుట్టుకొచ్చిన పద్ధతుల్లో ఇదొకటి. గౌరికి రోజుకు 500 గ్రాముల తిండి అనుకుంటే 400 గ్రాములు మాంసం, 50 ఎముక, 25 కార్జం, 25 కిడ్నీ. వినడానికి నిండుగానే ఉంది. లోపల ఏముందో చూద్దాం.

కార్జం ఉంటే ‘ఎ’ గురించి దిగులు లేదు, జాగ్రత్త మాత్రం కావాలి

100 గ్రాముల కోడి కార్జంలో విటమిన్ ఎ సుమారు 11,000 ఐ.యు. ఉంటుంది. గొర్రె కార్జంలో సుమారు 24,600. అంటే గౌరికి వేసే 25 గ్రాములు కోడిదైతే 2,700 పైన, గొర్రెదైతే 6,100 పైన. కనీసం కావలసింది 1250. కాబట్టి కార్జం వేసే ఇంట్లో ‘ఎ’ కోసం సీసా కొనడం అనవసరం.

ఇబ్బంది అవతలి వైపు నుంచి వస్తుంది. ‘ఎ’ ఒంట్లో నిల్వ ఉండిపోయే విటమిన్. ఆఫ్కో దానికి పై హద్దు కూడా పెట్టింది, 1000 కిలో కేలరీలకు 62,500 ఐ.యు. 5 కిలోల పొమేరియన్ తినేది రోజుకు 350 కిలో కేలరీలు, దాని హద్దు సుమారు 21,900. “మా బుజ్జిది కార్జం తప్ప ముట్టదు” అని రోజూ 100 గ్రాముల గొర్రె కార్జం పెట్టే ఇళ్లు నాకు తెలుసు. అది 24,600, హద్దు దాటేసింది. నెలల తరబడి ఇలాగే సాగితే కీళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. పైగా గొర్రె కార్జంలో రాగి కూడా ఎక్కువ, 100 గ్రాములకు 7 మిల్లీగ్రాముల దాకా. కోడి కార్జంలో అర మిల్లీగ్రామే. లాబ్రడార్లలో కొన్నిటికి రాగి కాలేయంలో పేరుకుపోయే జబ్బు వంశంలోనే ఉంటుంది. లాబ్ ఉన్నవాళ్లు ఈ మాట తమ డాక్టరుతో తప్పక మాట్లాడాలి. నేను గౌరికి ఒకరోజు కోడిది, ఒకరోజు గొర్రెది మార్చి మార్చి వేస్తాను.

చెన్నైకి కొత్తగా వచ్చినవాళ్లకు ఇంకో సంగతి. ఇక్కడి మటన్ కొట్లో కార్జాన్ని ‘ఈరల్’ అంటారు. ‘మణ్ణీరల్’ అంటే ప్లీహం, దాన్నే ‘సువరొట్టి’ అనీ అంటారు. ‘నురయీరల్’ అంటే ఊపిరితిత్తులు. మూడింటి చివరా ఈరలే. తమిళం సరిగా రాని మన పిల్లలు ఈరల్ అనుకుని మణ్ణీరల్ పట్టుకెళ్లి, కార్జం వేస్తున్నామనే నమ్మకంతో నెలలు గడిపేస్తారు. ప్లీహం మంచి తిండే, ఇనుము బాగా ఉంటుంది. విటమిన్ ఎ కోసం మాత్రం దాన్ని నమ్ముకోలేం. ‘ఆట్టు ఈరల్’ అని స్పష్టంగా అడిగి, ముక్క కళ్లతో చూసి తీసుకోండి.

చూడమన్నది ఊరికే కాదు. మేక, గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటిబుడగల్లాంటి తిత్తులు కనిపిస్తే అవి హైడాటిడ్ తిత్తులు కావచ్చు. వాటిని పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో బద్దెపురుగులు పెరుగుతాయి. కుక్క మలం ద్వారా వాటి గుడ్లు ఇంట్లో మనుషుల కడుపులోకి చేరితే మన కాలేయంలోనే తిత్తులు లేస్తాయి. అందుకే మా ఇంట్లో కార్జం పచ్చిది పెట్టం. లోపలి దాకా ఉడికేలా నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లతో సహా వేస్తాం. విటమిన్ ఎ ఆ వేడికి పెద్దగా పోదు. పురుగుల మందు కూడా డాక్టరు చెప్పిన గడువుకు వేయిస్తాం.

ఎండ ఉంది కదా, డి ఎందుకు?

మా కింది ఇంటి బామ్మగారు నన్నడిగిన ప్రశ్న ఇది. “చెన్నైలో ఎండకు కరువా అమ్మాయ్? పొద్దస్తమానం మేడ మీదే పడుకుంటుందిగా, దానికి డి విటమిన్ కొనడమేమిటి?”

మనిషి చర్మానికి ఎండ తగిలితే అక్కడున్న ఒక ముడిసరుకు విటమిన్ డి గా మారుతుంది. కుక్క చర్మంలో ఆ ముడిసరుకు నిలవదు. అక్కడి ఎంజైము దాన్ని ముందే కొలెస్టరాల్‌గా మార్చేస్తుంది. అందువల్ల కుక్క ఎంత ఎండలో పొర్లినా తనకు చాలినంత డి తయారుచేసుకోలేదు. తిండిలోంచి రావలసిందే. అడవిలో వేటాడే జంతువుకు వేట ఒళ్లంతా, కొవ్వుతో, నెత్తురుతో సహా దొరుకుతుంది. మనం కొనే చర్మం తీసిన బ్రాయిలర్ ముక్కల్లో, కోడి కార్జంలో డి లేదనే చెప్పాలి.

దొరికేది గుడ్డు పచ్చసొనలో, కొవ్వు పట్టిన సముద్రపు చేపలో. ఒక గుడ్డుకు సుమారు 41 ఐ.యు. డబ్బా మత్తి చేప, అదే సార్డిన్, 100 గ్రాములకు సుమారు 193. గౌరికి రోజూ ఒక గుడ్డు, వారానికి రెండుసార్లు 100 గ్రాముల చేప వేశామనుకోండి. చేప నుంచి రోజుకు సగటున 55, గుడ్డు నుంచి 41, మొత్తం 96. చాలదు. చేప మూడుసార్లు చేస్తే 83, గుడ్డుతో కలిపి 124. ఇప్పటికి కనీసపు గీత దగ్గరికి వచ్చాం. తాజా చేపలో డి ఎంతుందనేది రకాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. ‘అప్పుడప్పుడు చేప వేస్తాం’ అనే ఇళ్లలో డి లోటు ఎందుకుంటుందో ఈ లెక్కే చెబుతుంది.

ఒక ప్రమాదం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో చాలామందికి డాక్టరు వారానికొకటి చొప్పున 60,000 ఐ.యు. విటమిన్ డి పొడి పొట్లాలో, క్యాప్సూళ్లో రాసి ఉంటారు. అవి ఫ్రిజ్ మీదే ఉంటాయి. ‘కుక్కకూ డి తక్కువట, ఒకటి కలిపేద్దాం’ అనే ఆలోచన రానివ్వకండి. 60,000 ఐ.యు. అంటే ఒకటిన్నర మిల్లీగ్రాములు. 15 కిలోల కుక్కకు అది కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము, అంటే విష లక్షణాలు మొదలయ్యే మోతాదు. రక్తంలో కాల్షియం పెరిగిపోయి కిడ్నీలు దెబ్బతింటాయి. వాంతులు, విపరీతమైన దాహం, నీరసం కనిపిస్తాయి. పొరపాటున నాకేసినా, లక్షణాల కోసం ఎదురుచూడకుండా అప్పుడే ఆస్పత్రికి పరుగెత్తాలి. రోజుకు 125 కావలసిన గౌరి లాంటి కుక్కకు ఆ ఒక్క పొట్లం 480 రోజుల సరుకు.

మిగతావి

విటమిన్ ఇ మాంసంలో బాగా తక్కువ. చేపనూనె పోసేకొద్దీ దాని అవసరం పెరుగుతుంది, ఎందుకంటే ఆ నూనెలోని కొవ్వులు ఒంట్లో పాడవకుండా కాపాడేది ఇదే. ‘బొచ్చు మెరవాలి’ అని చేపనూనె క్యాప్సూళ్లు ధారాళంగా వేసి, ఇ మాట మరిచిపోవడం నేను ఎక్కువగా చూసే పొరపాటు.

బి12, కోలిన్ మాంసం, కార్జం, గుడ్డు ఉన్న గిన్నెలో చాలినంత ఉంటాయి. బి1 విషయంలో ఒక మెలిక ఉంది. కార్ప్ జాతివీ మరికొన్ని రకాలవీ చేపలు పచ్చిగా ఉంటే వాటిలోని థయామినేజ్ అనే ఎంజైము బి1ని నాశనం చేస్తుంది. ఉడికిస్తే ఆ ఎంజైము పోతుంది. పచ్చి తెల్లసొన రోజూ వేస్తే అందులోని అవిడిన్ అనే పదార్థం బయోటిన్ అనే బి విటమిన్‌ను పట్టేసుకుంటుంది, దానికీ ఉడికించడమే మందు. చేప, గుడ్డు రెండూ ఉడికించి పెట్టండి, ఈ గొడవే ఉండదు.

విటమిన్ సి కోసం ఉసిరికాయ పొడి కొనేవాళ్లున్నారు. కుక్క కాలేయమే సి తయారుచేసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు విడిగా అక్కర్లేదు.

మొదటి దారి: అంతా మార్కెట్ నుంచే

సీసాలూ డబ్బాలూ లేకుండా గుడ్డు, చేప, కార్జం, కిడ్నీ, మాంసంతోనే నడపడం. నాకు మనసుకు దగ్గరైన దారి ఇదే. చెన్నైలో ఉన్నందుకు ఇది కాస్త తేలిక కూడా. కాసిమేడు, చింతాద్రిపేట మార్కెట్లలో మత్తి, కానాంకెళుత్తి చవకగా దొరుకుతాయి. కానాంకెళుత్తి అంటే మన కనగుర్తే. దాని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. విశాఖపట్నం తీరంలో చేపల్ని పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ రాసుకున్న తెలుగు పేరునే 1816లో ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త కువియర్ అలాగే ఉంచేశాడు. చింతాద్రిపేటలో ఆ చేప బేరమాడుతుంటే నాకెందుకో మనవాళ్లు ఎదురుపడ్డట్టుంటుంది.

ఈ దారిలో ఇబ్బందులు రెండు. మొదటిది ఇ. మార్కెట్ సరుకుతో దాన్ని నింపడం కష్టం. ఒక చెంచా పొద్దుతిరుగుడు నూనెలో వచ్చేది మూడు ఐ.యు. లోపే. ఇ కోసమని నాలుగైదు చెంచాల నూనె పోస్తే కేలరీలు పెరిగి కుక్క లావెక్కుతుంది. రెండోది క్యాలెండరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. నాటు పడవల చేప వస్తుంది కానీ తక్కువ, ధర ఎక్కువ. ఆ రెండు నెలలూ చాలా ఇళ్లలో కుక్క గిన్నెలోంచి చేప మాయమవుతుంది, దాంతోపాటే డి కూడా. ఉప్పు వేయని డబ్బా సార్డిన్ ముందే తెచ్చిపెట్టుకోవాలి, లేదంటే రెండో దారి పట్టాలి.

వారానికి మూడుసార్లు చేప శుభ్రం చేసే ఓపిక, తూకం వేసే అలవాటు ఉన్నవాళ్లకే ఇది. ‘సుమారుగా వేస్తాం’ అనేవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు.

రెండో దారి: మార్కెట్ సరుకుకు తోడు ఒకటి రెండు విడి సప్లిమెంట్లు

లోటు డి, ఇ అని తేలింది కాబట్టి ఆ రెండే తేవడం. కాడ్ లివర్ ఆయిల్ ఒక చెంచాలో డి సుమారు 450, ఎ సుమారు 4,500 ఐ.యు. ఉంటాయి. గౌరి బరువున్న కుక్కకు వారానికి రెండు చెంచాలంటే రోజుకు డి 128, ఎ 1,285. కార్జంతో కలిపినా ఎ హద్దుకు ఎంతో దూరంలోనే ఉంటుంది. అయితే తయారీని బట్టి బలం మారుతుంది, కొన్నిటిలో ఎ తగ్గించి డి పెంచుతారు. సీసా మీదున్న అంకెలతోనే లెక్క వేయండి, నావి కాపీ కొట్టకండి.

కొట్లో అడిగేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. ‘ఫిష్ ఆయిల్’ వేరు, ‘కాడ్ లివర్ ఆయిల్’ వేరు. మొదటిది చేప ఒంట్లోంచి తీసిన నూనె, ఒమేగా 3 కోసం. అందులో డి ఉందనుకోవడానికి లేదు. రెండోది చేప కార్జంలోంచి తీసింది. ఫిష్ ఆయిల్ వేస్తూ డి అందుతోందనుకునే ఇళ్లకు లెక్కలేదు.

ఇ కోసం మందుల షాపులో దొరికే ఎవియన్ 200 లాంటి క్యాప్సూల్ చాలు. వారానికి ఒకటి పొడిచి తిండిలో పిండితే రోజుకు సగటున 28 ఐ.యు. దాటుతుంది, కనీసానికి రెండింతలు. రక్తం పలచబరిచే మందులు వాడే కుక్కకు, ఆపరేషన్ దగ్గరపడిన కుక్కకు మాత్రం డాక్టరును అడగకుండా వేయకూడదు.

ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న కుక్క. ఇంట్లో చేపలు వండే అలవాటు. లెక్క రాసుకునే మనిషి. ఈ మూడూ కుదిరితే నా ఓటు ఈ దారికే.

మూడో దారి: పెట్ షాపు మల్టీవిటమిన్ సిరప్

అందరూ మొదట పట్టుకునేది ఇదే. నేనైతే చివర పెడతాను. ఇవి ఎక్కువగా ముందే సమతూకంగా ఉన్న డ్రై ఫుడ్ తినే కుక్కకు పైన కాస్త తోడుగా తయారైనవి. పచ్చి గిన్నెలో లేనిది ఏదో వాటికి తెలియదు. అన్నీ కొంచెం కొంచెం వేస్తాయి. మీకు అక్కర్లేని ఎ, బి లు వస్తాయి, కావలసిన డి, ఇ ఒక్కోసారి పేరుకే ఉంటాయి. లేబుల్ చదివి, మీ కుక్క మోతాదులో డి ఎన్ని ఐ.యు. ఉందో, ఇ ఎంతుందో చూడండి. ఆ అంకెలే రాయని సీసాను షెల్ఫులో తిరిగి పెట్టేయండి. కొంటే మాత్రం కాడ్ లివర్ ఆయిల్‌తో కలిపి వాడొద్దు, రెండిట్లోనూ ఎ, డి ఉంటాయి.

మనుషుల మల్టీవిటమిన్, ముఖ్యంగా పిల్లలు నమిలే గమ్మీలు అసలు వద్దు. వాటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కుక్క రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం మీదికి రావచ్చు.

నాలుగో దారి: పూర్తి బ్యాలెన్సర్ పొడి

ఇంట్లో చేసే తిండికోసమే తయారైన ప్రీమిక్స్, అంటే ముందే కలిపి ఉంచిన పొడి. విటమిన్లతోపాటు జింకు, అయొడిన్, మాంగనీసు, చాలావాటిలో కాల్షియం కూడా ఉంటాయి. ఈ ఖనిజాల మాట నేను ఇప్పటిదాకా ఎత్తలేదు కానీ, ఉట్టి కోడి మాంసం గిన్నెలో వాటి లోటు కూడా మామూలే. జర్మనీలో 95 పచ్చి తిండి మెనూలను లెక్కకట్టి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 60 శాతంలో కనీసం ఒక పెద్ద లోపం కనబడింది. 2013లో అమెరికాలో, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంటి తిండి వంటకాలు 200 పరిశీలిస్తే 95 శాతంలో కనీసం ఒక పోషకం తక్కువే. అవి పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో దొరికే వంటకాలే. ఈ అంకెలు చూశాక బ్యాలెన్సర్‌ను చిన్నచూపు చూడలేకపోయాను.

కొనేముందు అడగవలసినవి: ఎంత మాంసానికి ఎంత పొడి? ఎముకతో ఉన్న మాంసానికా, ఎముక లేనిదానికా? ఇది తేల్చుకోకపోతే ప్రమాదం. ఎముకలో ఒకసారి, పొడిలో ఒకసారి కాల్షియం రెండింతలైపోతుంది. తయారుచేసినవాళ్లలో పశు పోషణ చదివినవాళ్లు ఉన్నారా? పూర్తి విశ్లేషణ అంకెలు ఇస్తారా? జవాబు దాటేస్తే డబ్బు దాచుకోండి. పొడి వేస్తున్నప్పుడు కార్జం, కాడ్ లివర్ ఆయిల్ కూడా మామూలుగానే వేస్తూ పోకూడదు. వాళ్లిచ్చిన వంటకం ప్రకారమే నడవాలి.

ఈ దారి ఎవరికంటే, కుక్కంటే ప్రాణమే కానీ వంటింట్లోకి చేప రానివ్వని ఇళ్లకు. మన తెలుగు ఇళ్లలో ఇవి తక్కువేం కావు. ఎముక లేని కైమా పొట్లాలు ఇంటికే తెప్పించుకుని, వరండాలో విడి గిన్నెలో పెట్టేవాళ్లున్నారు. వాళ్ల కుక్కకు చేప లేదు, కార్జం లేదు, ఎముకా లేదు. ఉట్టి కైమాలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. అలాగే సాగితే ఒళ్లు ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది, దవడ మెత్తబడేదాకా పోవచ్చు. వాళ్లకు బ్యాలెన్సర్ తప్పనిసరి.

అయిదో దారి: సిద్ధంగా వచ్చే ఫ్రోజెన్ పొట్లం, లేదా సగం డ్రై ఫుడ్

పొట్లం మీద ‘కంప్లీట్’ అని ఉందా, ‘కాంప్లిమెంటరీ’ అని ఉందా అన్నది ఒక్కటే చూడాలి. రెండోదైతే అది తోడు తిండి మాత్రమే, మళ్లీ లెక్క మీదే. ఒక పూట పూర్తి సమతూకమున్న డ్రై ఫుడ్, ఒక పూట మాంసం, గుడ్డు, చేప వేస్తే విటమిన్ల భారం చాలా తేలికవుతుంది. ఉద్యోగాలకు పోయే జంటలకు ఇది నేను మనస్ఫూర్తిగా చెప్పే సలహా. కంపెనీ తిండి కాబట్టి పొరపాటే ఉండదనీ కాదు. 2019లో అమెరికాలో ఒక పెద్ద కంపెనీ, విటమిన్ మిశ్రమంలో జరిగిన తప్పు వల్ల డి మితిమీరిన డబ్బా తిండిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కొత్త పొట్లం మొదలుపెట్టాక దాహం, వాంతులు కనిపిస్తే ఆపి చూపించండి.

ఎవరు ఈ దారులేవీ సొంతంగా పట్టకూడదు

పిల్లలు, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్, లాబ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల పిల్లలు. చూడితో ఉన్నవి, పాలిస్తున్నవి. కిడ్నీ, కాలేయం, పాంక్రియాస్ జబ్బులున్నవి. వీటికి కాల్షియం, డి లలో చిన్న తేడా కూడా జీవితకాలం నష్టం చేస్తుంది. వేపేరిలో 1903 నుంచి ఉన్న మద్రాసు పశువైద్య కళాశాల మన ఊళ్లోనే ఉంది. పోషణ తెలిసిన డాక్టరుతో మాట్లాడి, పిల్లలకు పెరుగుదల కోసమే చేసిన పూర్తి తిండి పెట్టడం మేలు.

ఇంట్లో పసిబిడ్డ, ముసలివాళ్లు, కీమోథెరపీ నడుస్తున్నవాళ్లు ఉంటే పచ్చి మాంసమే మానండి. పచ్చి మాంసంలో ఉండే సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఫ్రీజర్‌లో చావదు. మన ఉక్కపోతలో, కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో అది పెరగడానికి ఎంతో సేపు పట్టదు. అదే మాంసాన్ని ఉడికించి పెడితే తరిగేది ప్రధానంగా బి1, కాసిని మిగతా బి లు. ఉడికించిన నీళ్లు కూడా వేస్తే అందులోకి దిగినది చాలావరకు తిరిగి వస్తుంది. ఎముక మాత్రం ఉడికించింది పెట్టకూడదు, చీలికలుగా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. దానికి బదులు ఎండబెట్టి మెత్తగా నూరిన గుడ్డు పెంకు. ఒక పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, గౌరి లాంటి కుక్కకు రోజుకు కనీసం కావలసింది 1.25 గ్రాములు.

మా ఇంట్లో ఇప్పుడు

రోజూ ఒక ఉడికించిన గుడ్డు. 25 గ్రాముల కార్జం, ఉడికించే. మంగళ, గురు, ఆదివారాల్లో 100 గ్రాముల మత్తి లేదా కనగుర్త, ఉడికించి ముళ్లు తీసి. ఆదివారం రాత్రి ఒక ఇ క్యాప్సూల్. మూడుసార్ల చేపతో డి సరిగ్గా అంచు మీదే ఉంటుంది కాబట్టి బుధవారం అర చెంచా కాడ్ లివర్ ఆయిల్, దాంతో రోజుకు మరో 32 ఐ.యు. కలుస్తుంది. ఆరునెలలకోసారి రక్తపరీక్షలో కాల్షియం, భాస్వరం, కిడ్నీ, కాలేయం అంకెలు చూపించుకుంటాం. వెళ్లేటప్పుడు వారం తిండి కాగితం కూడా పట్టుకెళ్తాను. వీపు మీద పొట్టు తగ్గడానికి మూడు నెలలు పట్టింది.

ఏప్రిల్ రెండో వారంలో ఫ్రిజ్ తలుపు మీద ఒక చీటీ అంటిస్తాను: “15 నుంచి చేప లేదు. నూనె వారానికి రెండు పూర్తి చెంచాలు.” జూన్ 14న మళ్లీ పీకేస్తాను.